ఇంటిపేరు పోయి ఇనీషియల్ మిగిలింది

మా ఇంట్లో ఒక పాత ట్రంకుపెట్టె ఉంది. అందులోని కాగితాల మీద మా తాతగారి సంతకం, నాన్నగారి సంతకం, నా సంతకం ఉన్నాయి. తాతగారి పేరు ముందు ‘ఎం’, నాన్నగారి పేరు ముందు ‘వి’, నా పేరు ముందు ‘ఎస్’. మా అబ్బాయి స్కూలు సర్టిఫికెట్టులో ఇంకో అక్షరం. ఒకే వంశం, నాలుగు తరాలు, నాలుగు అక్షరాలు. మొన్నామధ్య గుంటూరు నుంచి పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దాయన “మీ ఇంటిపేరేమిటి బాబూ?” అని అడిగితే మావాడు నీళ్ళు నమిలి నా మొహంలోకి చూశాడు. వాడి తప్పేం లేదు. పుట్టి ఇరవై ఆరేళ్ళయింది, చెన్నైలో పరశువాకంలోనే పెరిగాడు, లెక్కలేనన్ని ఫారాలు నింపాడు. ఒక్క ఫారమూ వాణ్ణి ఆ ప్రశ్న అడగలేదు.

భాషావిధానం అనగానే మనకు గుర్తొచ్చేవి హిందీ మీద తారు పూసిన రైల్వే బోర్డులు, శాసనసభ తీర్మానాలు, రాత్రికి రాత్రి పేరు మారిన ఊళ్ళు. పేపర్లలో పడేవి అవే. మనుషుల పేర్లనీ వీధుల పేర్లనీ నిలబెట్టేవీ పడగొట్టేవీ మాత్రం చాలా చిన్నవి. ఫారంలో ఏ గడి ఉంది, ఏది లేదు? గుమాస్తా ఏ లిపిలో రాస్తాడు? పెయింటరు చేతికిచ్చిన చీటీలో ఏ ముక్క కొట్టేసి ఉంది? నగరం పేరు మారినప్పుడు చెన్నై తెలుగువాళ్ళకి వీసమెత్తు నష్టం జరగలేదు. గడి మారినప్పుడు ఇంటిపేర్లు పోయాయి.

ముందు ఆ ఇనీషియల్ సంగతి చూద్దాం. తమిళుల లెక్క సులువు: తండ్రి పేరులో మొదటి అక్షరం, ఆపైన తన పేరు. తరం మారితే అక్షరం మారుతుంది. మన లెక్క వేరు. ఊరి పేరు నుంచో, వృత్తి నుంచో, ఎప్పుడో ఒక ముత్తాతకి తగిలించిన మారుపేరు నుంచో వచ్చిన ఇంటిపేరు తరతరాలుగా అలాగే నడుస్తుంది. తమిళుల పేర్లకి కూడా ఒకప్పుడు తోకలుండేవి. ముదలియార్, పిళ్ళై, నాడార్, అయ్యర్, అన్నీ కులాలే. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ ఆ తోకలు కత్తిరించుకోవాలని తీర్మానించింది. పెరియార్ రామసామి తన పేరు చివరి ‘నాయక్కర్’ని వదిలేశారు. రెండు తరాలు తిరిగేసరికి తమిళనాట పేరు చివర కులం తగిలించుకోవడం మోటుగా అనిపించే రోజు వచ్చింది. ఇంత గట్టిగా ఈ పని చేసుకున్న రాష్ట్రం మరొకటి నాకు కనపడదు. దీనికి నేను చేతులెత్తి దండం పెడతాను, ఇకమీద రాయబోయే ఫిర్యాదులన్నీ ఉన్నా సరే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, తెలుగు పేరుకి రెండు చివర్లా ముక్కలున్నాయి. ముందు ఇంటిపేరు, వెనక నాయుడో, చెట్టో, రెడ్డో, రావో. వెనకది చాలావరకు కులం చెబుతుంది, ముందుది చెప్పదు. సంస్కరణ వెనక ముక్క మీదికొచ్చింది. ఆ సంస్కరణ అలవాటుగా మారి ఫారాల్లోకి దిగినప్పుడు అక్కడ మిగిలిన గడులు రెండే: పేరు, ఇనీషియల్. ముందు ముక్క ఎక్కడ రాయాలి? మా నాన్నగారిని బడిలో వేసేటప్పుడు అయ్యవారు “అప్పా పేరెన్న?” (నాన్న పేరేమిటి) అని అడిగి, చెప్పిన పేరులో మొదటి అక్షరం వేసేసుకున్నారట. తాతగారు అడ్డం చెప్పలేదు. “ఇంటిపేరు ఇంట్లో ఉంటే చాల్లే” అన్నారని మా నానమ్మ చెప్పేది. ఈ మార్పుకి ఏ చట్టమూ లేదు, ఏ జీవో లేదు. అందుకే ఎవరూ దాని మీద కోర్టుకీ వెళ్ళలేదు.

దీని వడ్డీ పాస్‌పోర్టు దగ్గర కట్టాల్సి వచ్చింది. పాస్‌పోర్టు వాళ్ళకి ఇనీషియల్ పనికిరాదు, దాన్ని విప్పి పూర్తిగా రాయాలి. పైగా సర్‌నేమ్ అని ఒక గడి ఉంటుంది. నేను నాన్నగారి పేరు రాసుకున్నాను. సింగపూరులో ఉండే మా తమ్ముడు ఎక్కడో గుర్తుంచుకుని ఇంటిపేరు రాసుకున్నాడు. ఒక్క తల్లి కడుపున పుట్టిన మాకు రెండు సర్‌నేములు. ఆస్తి కాగితాల దగ్గర మేమిద్దరం ఒక తండ్రి కొడుకులమేనని అఫిడవిట్టు పెట్టాం. ఆ కాగితం కూడా ట్రంకుపెట్టెలోనే ఉంది.

2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఇంకో ఆదేశం ఇచ్చింది. సంతకంలో పేరు తమిళంలో రాసి ఇనీషియల్ మాత్రం ఇంగ్లీషులో పెట్టొద్దు, అదీ తమిళంలోనే ఉండాలి, బడి పిల్లల దగ్గర్నుంచీ అలవాటు చెయ్యాలి అని. చాలామంది నవ్వారు. నాకు ముచ్చటేసింది. తమిళంలో ఇనీషియల్ అంటే గుణింతంతో సహా వచ్చే అక్షరం: ‘ఎం’ కాదు, ‘ము’. ‘ఎస్’ కాదు, ‘సు’. ఇంగ్లీషు ఎస్ అంటే శంకరుడూ కావచ్చు, సుబ్బయ్యా కావచ్చు, షణ్ముగమూ కావచ్చు. ‘సు’ అంటే సగం దారి తెలిసిపోతుంది. మనవాళ్ళు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ తెలుగు లిపిలోనే ‘ఎన్.టి.’, ‘పి.వి.’ అని ఇంగ్లీషు అక్షరాల పేర్లు రాసుకుంటూ ఉంటాం. తెలుగు అక్షరంతో పొడి పేర్లు కట్టుకున్నవాళ్ళు మన రచయితలు: శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యాడు, రాచమల్లు రామచంద్రారెడ్డి రారా అయ్యాడు. ఇంటిపేరు మొదటి అక్షరమూ, పేరు మొదటి అక్షరమూ కలిపి. తమిళనాడు ఉత్తర్వు అడిగింది దాదాపు అదే.

ఇక లిపి. మనకి క, ఖ, గ, ఘ నాలుగూ వేరు. తమిళంలో నాలుగింటికీ ఒకటే అక్షరం. ట, త, ప వర్గాల్లోనూ అంతే. చ వర్గంలో మాత్రం ‘జ’, సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథ లిపి నుంచి వచ్చి చేరింది. దీన్ని లోపం అనుకునే తెలుగువాళ్ళు ఎందరో. నిజానికి తమిళ పదాలకి ఆ అక్షరాలు అక్కర్లేదు. పదం మొదట పరుషంగా, రెండు అచ్చుల మధ్య సరళంగా పలకాలని చదివేవాడికి తెలుసు. మనకీ ఇలాంటిదే ఒకటుంది, బడిలో వల్లెవేసి మర్చిపోయాం: గసడదవాదేశ సంధి. క, చ, ట, త, పలు మెత్తబడి గ, స, డ, ద, వలు అవుతాయి. అవే ఐదు వర్గాలు. ఇంట్లో పెట్టుకున్నంతసేపూ తమిళ లిపి తమిళానికి సరిగ్గా సరిపోయే చొక్కా. తెలుగువాడు తొడుక్కున్నప్పుడు భుజాల దగ్గర పట్టేస్తుంది.

పట్టేసే చోటు ఆధార్ కార్డు. అందులో పేరు ఇంగ్లీషులోనూ, చిరునామా ఉన్న రాష్ట్రపు భాషలోనూ వస్తుంది. భవ్య అనే పిల్ల తమిళంలో ‘పవ్యా’ అని చదివేలా అచ్చవుతుంది. గౌరి ‘కౌరి’ అవుతుంది. ధనుంజయుడి మొదటి అక్షరమూ, తనూజ మొదటి అక్షరమూ ఒకటే. తమిళం బాగా వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ గౌరి అనే చదువుతారు, అది వేరే మాట. అసలు ఇబ్బంది అక్కడినుంచి ఇంగ్లీషులోకి తిప్పినప్పుడు మొదలవుతుంది. పుట్టిన సర్టిఫికెట్టులో తమిళంలో రాసిన పేరుని ఎవరో చూసి ఇంగ్లీషులో కొడతారు. మా పిన్ని మనవరాలు దుర్గ ఒక కాగితంలో ‘తుర్గా’ అయింది, అది సరిచేయించేసరికి ఇంకో కాగితంలో అమ్మ పేరు మారింది. ఆఫీసు పేరు చెప్పను, అక్కడివాళ్ళు మర్యాదస్తులే. మూడోసారి వెళ్ళినప్పుడు టీ ఇప్పించారు.

తమిళంలోనే పుట్టినవాళ్ళకి కూడా పేర్లు ఒక పేచీయే. 1916 ప్రాంతంలో మొదలైన తనిత్తమిళ్ (అచ్చ తమిళం) ఉద్యమం సంస్కృతం నుంచి వచ్చిన పేర్లనే తిరగరాసింది. స్వామి వేదాచలం ‘మఱైమలై అడిగళ్’ అయ్యారు. వేదం మఱై, అచలం మలై, స్వామి అడిగళ్. అంతకు ముందే సూర్యనారాయణ శాస్త్రి అనే పండితుడు ‘పరిదిమాఱ్ కలైఞర్’ అనిపించుకున్నారు. ద్రావిడ ఉద్యమ నాయకుల్లో నారాయణసామి నెడుంజెళియన్ అయ్యారు, రామయ్య అన్బళగన్ అయ్యారు, దక్షిణామూర్తి కరుణానిధి అయ్యారు. ఆఖరాయనది మాత్రం సంస్కృతం నుంచి సంస్కృతానికే ప్రయాణం, ఎందుకో మరి. అన్నాదురై ప్రభుత్వం 1967లో వచ్చాక ఆఫీసు కాగితాల్లో శ్రీ, శ్రీమతి పోయి తిరు, తిరుమతి వచ్చాయి. 2006లో తమిళ పేరు పెట్టిన సినిమాలకి వినోదపన్ను మినహాయించారు. పేరు పెట్టడంలో ప్రభుత్వం చూపించగల ప్రేమ ఎంత నగదు రూపంలో ఉంటుందో ఆ ఏడాది కోడంబాక్కం మొత్తానికి తెలిసింది.

ఊరి పేరు దగ్గరికొద్దాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేముందు మనవాళ్ళు “మద్రాసు మనదే” అన్నారు. తల ఇచ్చైనా రాజధానిని కాపాడుకుంటామని అటు తమిళ నాయకుడు మ.పొ.శి. (మ.పొ. శివజ్ఞానం) అన్నారు. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసింది ఈ ఊళ్ళోనే, మైలాపూరులోని బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. నాలుగేళ్ళ తర్వాత, రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది కూడా ఒక కోరికగా శంకరలింగనార్ అనే పెద్దాయన దీక్ష చేసి 76వ రోజున చనిపోయారు. మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది 1969 జనవరి 14న. ఒక పేరు కోసం ఒకరు, ఒక రాష్ట్రం కోసం ఒకరు అన్నం మానేసి ప్రాణం వదిలిన కాలం అది. అవతలివాళ్ళ దీక్ష గురించి ఇవతలివాళ్ళ పిల్లలకి తెలియదు, ఇక్కడి పాఠంలో ఒకరుంటే అక్కడి పాఠంలో ఇంకొకరు.

1996లో ద్రవిడ మున్నేట్ర కళగం ప్రభుత్వం మద్రాసుని చెన్నై చేసింది. వలస కాలపు పేరు పోయి తమిళ పేరు రావాలన్నది ఉద్దేశం. పత్రికల్లో ఆ వార్త చదివి మా నానమ్మ “ఇన్నాళ్ళకి తెలిసిందా వీళ్ళకి?” అంది. ఆవిడ ఒక్కనాడూ మద్రాసు అనలేదు. చెన్నపట్నం, తొందరలో ఉంటే ఉత్త పట్నం. ఆ చెన్న ఎవరంటే చరిత్రకారుల్లో ఎక్కువమంది చెప్పేది దామర్ల చెన్నప్ప నాయకుడని. ఆయన కొడుకులు వెంకటాద్రి, అయ్యప్ప వందవాసి, పూందమల్లి ప్రాంతాల్లో అధికారం చేసిన తెలుగు నాయకులు. 1639లో వెంకటాద్రి ఈస్టిండియా కంపెనీకి ఈ ఇసకనేల ఇస్తూ కొత్త ఊరికి తండ్రి పేరు రావాలనుకున్నాడు. అంటే నగరం ఎవరిదని కొట్లాడుకున్న 43 ఏళ్ళకి, తమిళ పేరు పెడుతున్నామని చెప్పి ఒక తెలుగాయన తండ్రి పేరు ఖాయం చేశారు. దీన్ని పట్టుకుని మీసం మెలేసే తెలుగువాళ్ళని చూశాను. నాకైతే అందులో గెలుపేమీ కనపడదు. పేరు ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక సంగతి, ఎవరి నోట్లో నలిగి ఎవరిదైందన్నది ఇంకో సంగతి. మూడున్నర శతాబ్దాలు తమిళుల నోట్లో నలిగిన పేరు తమిళ పేరే.

మద్రాసు పూర్తిగా పోయిందా అంటే, లేదు. సెంట్రల్ స్టేషన్‌కి 2019లో పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ పేరు తగిలింది, రైలు టికెట్టు మీద కోడు మాత్రం ఇప్పటికీ ఎం.ఎ.ఎస్. విమానాశ్రయం కోడు ఎం.ఎ.ఎ. విశ్వవిద్యాలయం మద్రాసుదే, ఐఐటీ మద్రాసుదే. హైకోర్టుల పేర్లు మార్చడానికి 2016లో కేంద్రం బిల్లు పెడితే, చెన్నై హైకోర్టు కాదు తమిళనాడు హైకోర్టు అని పెట్టండని రాష్ట్రం అంది. బిల్లు మురిగిపోయింది, మద్రాసు హైకోర్టు మిగిలింది.

2020 జూన్‌లో ఇంకో సరదా నడిచింది. 1018 ఊళ్ళ పేర్లకి ఇంగ్లీషు స్పెల్లింగుని తమిళ ఉచ్చారణకి దగ్గరగా మారుస్తూ ఆదేశం బయటికొచ్చింది. ఎగ్మోర్ ‘ఎళుంబూర్’, ట్రిప్లికేన్ ‘తిరువల్లిక్కేణి’, కోయంబత్తూరుకి ఒత్తులూ దీర్ఘాలూ పెరిగిన కొత్త రూపం. వారం రోజుల్లో జనం నవ్వి, తిట్టి, నోరు తిరగక వదిలేశారు. ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఇందులో ఉద్దేశం తప్పేమీ కాదు. కడపని ఇంగ్లీషులో ఎంత వంకరగా రాసేవాళ్ళో, దాన్ని 2005లో మనమే సరిచేసుకున్నాం. రాజమండ్రిని 2015లో రాజమహేంద్రవరం చేసుకున్నాం. కానీ ఇంగ్లీషు అక్షరాలతో తమిళం ఉచ్చారణ పట్టాలనుకుంటే మొదటి అడుగులోనే ఆ ‘ళ’ తగులుతుంది. తమిళ్, ఎళుంబూర్, కోళి అనే మాటల్లో మనం ళ అని సరిపెట్టుకునే ధ్వనికి మనకీ ఒకప్పుడు అక్షరం ఉండేది, ఱ, ళలకు భిన్నంగా: ‘ఴ’. పాత శాసనాల్లో కనిపిస్తుంది. మన నోళ్ళు దాన్ని చాలాచోట్ల ‘డ’ చేసేశాయి. వాళ్ళ ఏఴు మన ఏడు, వాళ్ళ కోఴి మన కోడి. మనకి పోయిన ధ్వనిని వాళ్ళు ఇంకా పట్టుకుని ఉన్నారు. దాన్ని ఇంగ్లీషు బోర్డు మీద ఎలా రాయాలా అని కొట్టుకుంటున్నారంటే నాకు సానుభూతే.

వీధుల పేర్లు చూస్తే తెలుగు ఈ నగరంలో ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. టి.నగర్‌లో టి అంటే పిట్టి త్యాగరాయ చెట్టి. ఆ పేటలోనే పానగల్ పార్కు, కాళహస్తిలో పుట్టి మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టరుగా (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి) చేసిన పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారి పేరు మీద. మైలాపూరులో ఉదయం నడిచేవాళ్ళ పార్కు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. పడమటి వైపు జి.ఎన్. చెట్టి రోడ్డు గోపతి నారాయణస్వామి చెట్టిగారిది. 1970ల చివర ఎం.జి.ఆర్. ప్రభుత్వ కాలంలో వీధుల పేర్లలోంచి కులపదాలు తీసెయ్యాలన్నారు. బోర్డు మీద చెట్టి పోయింది. మిగిలింది జి.ఎన్. రోడ్డు. ఆ రెండు అక్షరాల్లో జి ఆయన ఇంటిపేరు, ఎన్ ఆయన పేరు. కులం తీసేస్తే మనిషి మిగలాలి కదా, ఇక్కడ మనిషి కూడా పోయి పొడి అక్షరాలు మిగిలాయి. నాలాంటివాడికి అది అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది.

కులం తీసేటప్పుడు భాష కూడా కోసుకుపోవడం చెన్నై తెలుగువాళ్ళకి ప్రత్యేకమైన సమస్య. పరాయి భాష మధ్య ఉన్నవాడికి నాయుడు, రెడ్డి అనే ముక్కే “వీళ్ళు తెలుగువాళ్ళు” అని చెప్పే బోర్డు. ఇంటిపేరు పోయింది, పేరేమో శ్రీనివాసన్, వెంకటేశన్ అని ‘అన్’ తగిలించుకుని తమిళమైపోయింది, చివరి ముక్క కూడా పోతే పేరు చూసి చెప్పగలిగింది ఏమీ ఉండదు. 2025 అక్టోబరులో ఇది మళ్ళీ రచ్చకెక్కింది. ఊళ్ళ, వీధుల పేర్లలోంచి కులపదాలు తొలగించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన కొద్ది రోజులకే కోయంబత్తూరులో పది కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్‌ని జి.డి. నాయుడు పేరుతో ప్రారంభించారు. ఇదెక్కడి న్యాయం అని కొందరు అడిగారు. మరి జి.డి. అని రాస్తే ఎవరికి తెలుస్తుంది అని ఇంకొందరన్నారు. కలంగల్ అనే పల్లెలో తెలుగు ఇంట్లో పుట్టి మోటార్లు తయారుచేసిన ఆ మనిషిని లోకమంతా నాయుడనే పిలిచింది. రెండు వైపులా న్యాయం ఉందనడం నాకిష్టం ఉండదు కానీ ఇక్కడ ఉంది. ఉత్తర్వు మంచిది. ఆ పేరూ ఉండాల్సిందే. నేనైతే ఇలాంటివాళ్ళ పేర్లకి ఇంటిపేరు విప్పి రాయమంటాను. ‘గోపతి నారాయణస్వామి రోడ్డు’ అంటే కులమూ లేదు, మనిషీ పోలేదు, తెలుగూ పోలేదు. పెయింటరుకి ఇంకో డబ్బా రంగు ఖర్చవుతుంది, అంతే.

ఇదంతా ఎవరు చదువుతారన్నది చివరి చిక్కు. 2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు సుమారు 42 లక్షలు, నూటికి ఆరుగురు. 2006 తమిళ బోధన చట్టం తర్వాత తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయింది, ఏడాదికో తరగతి చొప్పున పైకి ఎక్కింది. తెలుగు మీడియం పిల్లల పదో తరగతి పరీక్ష మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఇక్కడ బతికేవాడికి అది అన్నం. కానీ ఫలితం మా వీధి పెళ్ళిపత్రికల్లో కనపడుతుంది: మాటలు తెలుగు, లిపి తమిళం. “మా చిరంజీవి” అన్న మాటలో ‘చి’ని ‘సి’ అని చదువుకోవాలి. పిల్లకి తన ఇంటిపేరు చెబితే ఆ పిల్ల దాన్ని రాసుకునేది తమిళ అక్షరాల్లోనే.

అందుకే ఇప్పుడు మావాళ్ళు పిల్లల పేర్లు లిపికి తగ్గట్టు ఎంచుకుంటున్నారు. పంచాంగం చూసే అయ్యవారు ‘భ’తోనో ‘ధ’తోనో పెట్టమంటే ఇంకో అక్షరం చెప్పమని బతిమాలుతారు. విమల, మాలిని, వాణి, మీనా, ఇవన్నీ అటూ ఇటూ ఒకేలా పలుకుతాయి, ఎక్కడా గీసుకుపోవు. పోయిన ఏడాది మా అమ్మాయికి ఆడపిల్ల పుడితే వారం రోజులు వాట్సాప్‌లో తర్జనభర్జన నడిచి లీల దగ్గర ఆగింది. మా అల్లుడు నెల్లూరివాడు. పేరు నమోదు చేయించడానికి నన్ను వెంటపెట్టుకుని వెళ్ళాడు. ఫారంలో పేరుకి ఒక వరస గడులు, పక్కన ఇనీషియల్‌కి ఒక్క గడి. నేను ఆ ఒక్క గడి వైపు వేలు చూపించాను. అతను వినలేదు. పేరు గడుల్లోనే మొదటినుంచీ ఇంటిపేరు ఇరికిస్తూ వచ్చాడు. లీల దగ్గరికొచ్చేసరికి గడులు అయిపోయి, ఆఖరి అక్షరం పక్కనున్న ఇనీషియల్ గడిలో పడింది. కౌంటరు వెనకావిడ కాసేపు చూసి, ఏమీ అనకుండా ముద్ర కొట్టింది.